అంపైరు లేని ఆట

మా చిన్నప్పుడు కరీంనగర్ పల్లెల్లో ఏ ఆటకూ అంపైరు ఉండేవాడు కాదు. చిర్రగోనె ఆడితే, చిర్ర పడ్డచోటు దాకా గోనెతో కొలిచి లెక్క చెప్పేది కొట్టినవాడే. అనుమానమొస్తే ఎదుటి జట్టు మళ్లీ కొలిచేది. తొండి చేసినవాణ్ని ఎవరూ కొట్టేవాళ్లు కాదు, మర్నాడు పంటలు వేసేటప్పుడు పిలిచేవాళ్లు కాదు, అంతే. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. తర్వాత వ్యాయామ ఉపాధ్యాయుణ్నై ఎన్నో బడుల్లో పనిచేశాను. పిల్లలకు నడవడి నేర్పడంలో ఆ ఆటకు సాటివచ్చే పాఠం నాకు పుస్తకాల్లో కనబడలేదు.

చెడుగుడు, అంటే కబడ్డీ, మరీ కఠినం. కూత తెగిందా లేదా అన్నది ముందు తెలిసేది కూతకు పోయినవాడికే. దుమ్ములో వేలి కొస తగిలిందో లేదో తెలిసేది ఇద్దరికే. ఆ ఇద్దరూ నిజం చెప్తేనే ఆట సాగేది.

ఆ ఆటకు ఊరికో తీరు ఉండేది. దేశమంతటా చూస్తే ముఖ్యంగా మూడు పద్ధతులు: అమర్‌లో ఔటైనా ఆటగాడు లోపలే ఉంటాడు, పాయింటు మాత్రం పోతుంది. గామినీలో ఔటైతే జట్టంతా ఔటయ్యేదాకా బయటే. సంజీవనిలో ఎదుటివాళ్లలో ఒకరు ఔటైతే మనవాడు ఒకడు బతికి లోపలికొస్తాడు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతల, యవత్‌మాల్ మీదుగా పోతే వచ్చే అమరావతి నుంచి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి వాళ్లు 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ఈ ఆటను ప్రదర్శించారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటయింది. ఆడవాళ్ల కబడ్డీకి ఆ చోటు దక్కింది 2010లో, గ్వాంగ్‌జౌలో. ఇరవై ఏళ్ల ఆలస్యం. మా బడి ఆవరణలో అంతకు ఎంతో ముందే ఆడపిల్లల కోసం కోర్టు గీశాం.

నేటి కబడ్డీ సంజీవని దారిలోనే నడుస్తోంది. ముందు ఔటైనవాళ్లు ముందు లోపలికొస్తారు. పిల్లల కోసం ఇంతకన్నా మంచి నియమం ఎవరూ రాయలేరని నా నమ్మకం. గీత బయట కూర్చున్న పిల్ల ఆటను చూస్తుంది. తను మళ్లీ ఆడాలంటే లోపలున్న తోటిపిల్ల గెలవాలి. నిన్న ఆ పిల్లతో జగడమైనా సరే, ఇప్పుడు గొంతు పోయేలా అరుస్తుంది: "పట్టుకోవే, ఇడువకు!" చూడటం కూడా ఆటలో భాగమని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటల కోసమే బడులూ వచ్చాయి. 1993లో హకీంపేటలో క్రీడా పాఠశాల వచ్చింది. కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ పాఠశాలలున్నాయి. నాలుగో తరగతిలో చేర్చుకోవడానికి తొమ్మిది పరీక్షలు: ఎత్తు, బరువు, 30 మీటర్ల ఉరుకు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, పైకెగరడం, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచడం. మూడేసి మార్కుల చొప్పున 27. ఓడినప్పుడు ఏం చేస్తావని అడిగే పరీక్ష అందులో లేదు. అలాంటి పరీక్ష పెట్టడం కుదరదు కూడా. అది హాస్టల్లో, మైదానంలో, ఏళ్ల తరబడి తేలేది.

నా బడుల్లో నేను పట్టుబట్టి నడిపిన పద్ధతి ఒకటుంది. ఓడిన జట్టు ఇంటికి పోవద్దు. తర్వాతి మ్యాచ్‌కు గీతల దగ్గర నిలబడి తీర్పు చెప్పాలి. అంతకుముందే "సారూ, ఆమె ముట్టలే, అన్యాయం!" అని ఏడ్చిన పిల్ల చేతికి విజిలిస్తే, పది నిమిషాల్లో తెలిసొచ్చేది, రెప్పపాటులో జరిగే ముట్టుడును పట్టుకోవడం ఎంత కష్టమో. ఇరువైపులా అరుస్తుంటే కళ్లకు కనిపించిందే చెప్పడం ఇంకా కష్టం. తన దోస్తును ఔటని చెప్పాల్సి వచ్చి వణికిన గొంతులు విన్నాను. చెప్పినవాళ్లను గెలిచిన జట్టుతో సమానంగా అసెంబ్లీలో నిలబెట్టి పేరు చదివేవాణ్ని. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు. కప్పు తెచ్చినవాళ్లకే చప్పట్లు చాలన్నారు. నేను ఒప్పుకోలేదు.

2014లో ప్రో కబడ్డీ వచ్చాక, మా వీధి పిల్లలు తెలుగు టైటాన్స్ ఆటకు మా ఇంట్లో చేరతారు. ఇప్పుడు రివ్యూ ఉంది, నెమ్మదిగా తిప్పి చూపిస్తారు. అది మంచిదే. కానీ దానికంటే ముందు వాళ్లను ఒకటి వెతకమంటాను: విజిల్ మోగకముందే తనంతట తాను చెయ్యెత్తి బయటికి నడిచిన ఆటగాడెవరో చూడమంటాను. పాయింటు ఎవరిదని ఆ తర్వాతే అడుగుతాను.