ఆడని ఆట

స్టాన్లీ కప్పుమీద మంచు హాకీ విజేతల పేళ్లు చెక్కుట ఆచారము. 2005 వ సంవత్సరమునకు మాత్రము ఆట జరుగలేదని చెక్కియున్నది. దీనిని ఆటగాండ్ర సమ్మె యనువారు కలరు, మేము ఒప్పము. 2004 సెప్టెంబరులో లాకౌటు ప్రకటించినవారు ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగు జట్ల యజమానులు. ఒక్కొక్క జట్టు జీతముల మొత్తమునకు మితి యుండవలెనని వారి పట్టు. డిసెంబరులో ఆటగాండ్రు జీతములు నూటికి 24 వంతులు తగ్గించుకొందుమనిరి. ఫిబ్రవరిలో మితికిని సమ్మతించిరి. వారడిగినది 4 కోట్ల 90 లక్షల డాలర్లు. యజమానులు ఒప్పినది 4 కోట్ల 25 లక్షలు. ఆ వ్యత్యాసము తీరకయే 16 వ తేదీన 1,230 ఆటలును రద్దయ్యెను.

లక్షలు గడించువారిపై జాలి యేల యందురా? టిక్కెట్లు చూచువారును, తినుబండారము లమ్మువారును ఆ చలికాలపు కూలి కోల్పోయిరి. జూలైలో సంధి కుదిరెను: జీతములు నూటికి 24 వంతులు తగ్గెను, మితి 3 కోట్ల 90 లక్షలకు దిగెను.