ఒక ఔన్సు దూది చెప్పిన పాఠాలు

దూదిని ఎరుగని వారు లేరు. అయినా బి.ఎస్‌సి. మొదటి సంవత్సరపు తరగతిలో ఒకనాడు, "దూదిపోగు పత్తికాయలో ఎక్కడ నుండి పుడుతుంది?" అని అడిగితే, సెల్యులోజు ఫార్ములాను తడుముకోకుండా వ్రాయగల విద్యార్థులు కూడా తెల్లబోయారు. కాయ పెంకు నుండి అని కొందరు, కాయ మధ్య నున్న కాడ నుండి అని కొందరు అన్నారు. ఒక పల్లెటూరి అమ్మాయి మాత్రం, "గింజ నుండి సార్. గింజను పట్టుకొని లాగితే గాని రాదు" అన్నది. ఆమె దానిని పుస్తకంలో చదువలేదు. ఇంటి వద్ద పత్తి ఒలిచి తెలుసుకున్నది.

లెక్కలు, సామాన్యశాస్త్రము, చరిత్ర, తెలుగు అని మనము చదువును గంటలుగా విభజించుకున్నాము. కాలపట్టికకు అది అవసరమే. కాని చేతిలోని వస్తువుకు ఈ విభజన లేదు. ఒకే వస్తువును ఆధారం చేసుకొని అన్ని పాఠాలూ చెప్పవచ్చునా? ఈ ప్రశ్నను దూదితోనే పరీక్షించి చూచిన సందర్భాలు చరిత్రలో రెండు ఉన్నవి. ఒకటి అమెరికాలో, రెండవది మన దేశంలో.

చికాగో పిల్లల ప్రయోగం

జాన్ డ్యూయీ అనే తత్త్వవేత్త 1896 జనవరిలో చికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఒక చిన్న పాఠశాలను ప్రారంభించాడు. అక్కడి పిల్లలు వంట చేసేవారు, వడ్రంగం చేసేవారు, నూలు వడికి బట్ట నేసేవారు. వారిని వంటవారుగానో, నేతగాండ్రుగానో తయారు చేయడం ఆయన ఉద్దేశం కాదు. పనిలో నుండి ప్రశ్న పుట్టాలి, ప్రశ్న నుండి పాఠం పుట్టాలి అని ఆయన భావం.

1899లో ప్రచురించిన "పాఠశాల, సమాజము" అనే గ్రంథంలో డ్యూయీ ఒక పాఠాన్ని వర్ణించాడు. పిల్లలకు గొర్రె ఉన్ని, గింజతో కూడిన పత్తి ఇచ్చారు. ఉన్ని బట్టలు ముందుగా వ్యాప్తిలోనికి వచ్చి, నూలు బట్టలు ఆలస్యంగా రావడానికి కారణమేమి అన్నది ప్రశ్న. ఒక జట్టు పిల్లలు అరగంట సేపు కూర్చొని గింజల నుండి దూదిని వేరు చేశారు. తీరా తూచి చూస్తే ఒక ఔన్సు కూడా కాలేదు! ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు. చేతితో రోజంతా ఒలిచినా ఒక మనిషి తీయగలిగేది ఒక పౌను దూది మాత్రమే అని వారికి నమ్మకం కలిగినది. లెక్క సరిపోతున్నది గదా: అరగంటకు ఒక ఔన్సు చొప్పున 8 గంటలకు 16 ఔన్సులు, అనగా ఒక పౌను. పైగా దూదిపోగు పొట్టిది, నునుపైనది. ఉన్నిపోగు పొడవైనది, గరుకైనది కనుక ఒకదాని నొకటి పట్టుకొని సులభంగా దారమవుతుంది. ఈ తేడాను కూడా పిల్లలు తమ వ్రేళ్ళతోనే కనుగొన్నారు.

ఇచ్చట మన విద్యార్థి ఆగి ఒక ఎదురు ప్రశ్న వేయాలి. ఉన్ని ముందు, నూలు తరువాత అన్నది ఐరోపాకూ, అక్కడి నుండి అమెరికాకు వలస వెళ్ళిన వారికీ సంబంధించిన చరిత్ర. మొహెంజోదారో త్రవ్వకాలలో వెండి పాత్రకు అంటుకొని నూలుబట్ట ముక్కలు దొరికినవి. అవి 4,000 సంవత్సరాలకు పైబడినవి. గింజ తీయడం అంత కష్టమైతే మనవారు ఆ కష్టాన్ని ఎట్లా దాటారు? ఎదురెదురుగా తిరిగే రెండు కర్ర రోలర్ల మధ్య పత్తిని పెట్టితే దూది దూరిపోతుంది, గింజ దూరలేక వెనుక మిగులుతుంది. మన దేశంలో ఈ సాధనం ఎంతో కాలం వాడుకలో ఉన్నది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో గింజ మీద ఉన్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, పోగులను సాపు చేసి, ఆ తరువాత గింజ తీస్తారు. ఆ దవడలోని సన్నని పళ్ళే దువ్వెన. పొందూరు ఖద్దరు సన్నదనానికి ఈ ఓపిక ఒక కారణం.

యంత్రం వచ్చిన తరువాత

అమెరికాలో పండే పొట్టిపోగు పత్తికి గింజ గట్టిగా అంటుకొని ఉంటుంది. రోలర్లు దానికి సరిపడలేదు. 1793లో ఈలై విట్నీ అనే యువకుడు తీగ పళ్ళతో దూదిని లాగే యంత్రాన్ని నిర్మించి, 1794లో పేటెంటు పొందాడు. సన్నని సందులలో నుండి దూది వస్తుంది, గింజ రాలేదు. సూత్రం ఇంతే.

శ్రమను తగ్గించే యంత్రం వచ్చినది గనుక బానిసల అవసరం తగ్గి ఉంటుందని మనకు తోస్తుంది. జరిగినది వేరు. గింజ తీయడం చౌక కాగానే పత్తి పంట లాభసాటి అయినది. పత్తి చేలు దక్షిణ రాష్ట్రాలంతటా వ్యాపించినవి. విత్తడానికి, కలుపు తీయడానికి, పత్తి ఏరడానికి మనుషులు కావలసి వచ్చారు. 1790 జనాభా లెక్కలలో అమెరికాలోని బానిసల సంఖ్య సుమారు 7 లక్షలు. 1860 నాటికి అది 39 లక్షలు దాటినది. దీని కంతటికీ ఒక్క యంత్రమే కారణం కాదు. కాని అది లేకుండా పత్తి అంతగా పెరిగేది కాదు. 1861-65 అంతర్యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోగా ఇంగ్లండు మిల్లులు మన దేశపు పత్తి కొరకు ఎగబడ్డవి. ఔన్సు దూది ఒలిచి వ్రేళ్ళు నొప్పి పెట్టిన విద్యార్థికి ఈ చరిత్ర వేరే విధంగా అర్థమవుతుంది.

వార్ధా ప్రణాళిక

1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యావేత్తల సమావేశం జరిగినది. ఏడు సంవత్సరాల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతిపని కేంద్రంగా చదువు అన్నవి అక్కడి ముఖ్య తీర్మానాలు. జాకిర్ హుసేన్ సంఘం ఆ ప్రకారం పాఠ్యప్రణాళిక తయారు చేసినది. తకిలీ మీద నూలు వడకడం, చుట్లు లెక్కపెట్టడం, తూచడం, పత్తి పండే నేలలు తెలుసుకోవడం అన్నీ అందులో ఒకదానితో నొకటి కలిసినవి.

పిల్లల నూలు అమ్మి బడి ఖర్చులు కొంతవరకైనా రాబట్టవచ్చునని గాంధీజీ ఆశించారు. ఇది బాలల చేత చాకిరీ చేయించడమే అవుతుందని విమర్శకులు భయపడ్డారు. రాబడి మీది దృష్టి వలన చదువు ప్రయోజనం వెనుకబడే ప్రమాదం ఉన్నదని సంఘం తన నివేదికలోనే హెచ్చరించినది. స్వాతంత్ర్యం తరువాత చాల బేసిక్ పాఠశాలలలో తకిలీ కాలపట్టికలో మరొక గంట అయి కూర్చున్నది. నూలు ఒక గది, లెక్కలు ఒక గది. ప్రశ్న లేని పని మిగిలినది. 1964-66 నాటి కొఠారీ కమిషను "పని అనుభవము" అనే పేరుతో ఈ భావాన్ని మరల ముందుకు తెచ్చినది.

ఆ భయం ఊహామాత్రం కాదని తెలుగుదేశమే చూచినది. 1990ల తరువాత సంకర పత్తి విత్తనాల చేలలో పూలకు పరాగ సంపర్కం చేసే పనికి వేలకొలది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడి మాని వెళ్ళారు. పువ్వులో కేసరాలేవో, అండాశయమేదో వారికి మనకన్న బాగా తెలుసును. దానిని పాఠంగా మార్చే బడి మాత్రం వారికి అందలేదు. చేతిపని దానంతట అది చదువు కాదు.

మన తరగతిలో

విచ్చిన పత్తికాయలు దొరికే కాలంలో ఈ పనులు చేయించవచ్చును.

సామాన్యశాస్త్రము: ఒక్కొక్క విద్యార్థికి రెండు గింజలు ఇచ్చి దూది ఒలిపించాలి. ప్రతి పోగూ గింజ పైపొరలోని ఒకే కణం సాగి ఏర్పడినది. సుమారు 3 సెంటీమీటర్ల కణాన్ని సూక్ష్మదర్శిని లేకుండానే చూడవచ్చును! కాయ విచ్చి ఆరినప్పుడు పోగు చప్పబడి మెలి తిరుగుతుంది. ఆ మెలిక చూడటానికి సూక్ష్మదర్శిని కావాలి. కొన్ని పోగులను మెలిపెట్టకుండా లాగితే విడిపోతవి, మెలిపెట్టి లాగితే నిలుస్తవి. ఘర్షణ పాఠానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

లెక్కలు: ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే నూలు అన్నవ నంబరు అంటారు. ఒక పలక మీద 50 సెంటీమీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి నూలును 100 చుట్లు చుడితే 100 మీటర్లు అవుతుంది. దాని బరువును గ్రాములలో తూచి, 59ని ఆ సంఖ్యతో భాగించాలి. బరువు 2.95 గ్రాములు ఉంటే అది 20వ నంబరు నూలు. ఈ 59 ఎక్కడ నుండి వచ్చినదో విద్యార్థులే గజాలను మీటర్లుగా, పౌనును గ్రాములుగా మార్చి కనుగొనాలి.

చరిత్ర: అరగంట ఒలిచిన దూదిని తరగతి మొత్తం కలిపి తూచాలి. ఒక చొక్కా బరువుతో పోల్చి, దానికి ఎన్ని గంటలు పడతవో లెక్కించాలి. ఆ తరువాతనే విట్నీ పాఠం చెప్పాలి.

తెలుగు: పింజ, ఏకు, కదురు, కండె, పడుగు, పేక అనే మాటలను పెద్దలను అడిగి అర్థాలు వ్రాసుకు రమ్మనాలి. "ఏకై వచ్చి మేకై కూర్చున్నట్లు" అనే సామెత అందరికీ వచ్చును. వడకడానికి దూదిని మెత్తగా చుట్టిన చుట్టే ఏకు అని తెలిసిన వారు అరుదు.

ఇవన్నీ ఒకే వారంలో, నలుగురు ఉపాధ్యాయులు ముందుగా మాట్లాడుకొని చేయవలసినవి. ఖర్చు దాదాపు లేదు. గ్రాములో దశాంశాలు తూచగల త్రాసు ఒక్కటి ఉంటే చాలు. మొదటి రోజున మాత్రం ఏమీ చెప్పకుండా గింజపత్తిని బల్ల మీద పెట్టి, ఎవరు ఏమి అడుగుతారో నల్లబల్ల మీద వ్రాయండి. ఇంటి వద్ద పత్తి ఏరిన పిల్లలు తరగతిలో ఉంటే, ముందుగా వారిని మాట్లాడనివ్వండి.