నొప్పి తీసే చేతులు – ఆ చేతుల నొప్పి

అంటరానితనం అంటే ముట్టుకోకపోవడం అని మనం అలవాటుగా అనుకుంటాం. చరిత్రను కిందినుంచి చూస్తే అది అంత సులువైన సంగతి కాదు. కులవ్యవస్థ ముట్టుకోవడాన్ని పూర్తిగా ఏనాడూ నిషేధించలేదు. ఎవరు ఎవరిని, ఎప్పుడు, ఎవరి అవసరం కోసం ముట్టుకోవాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం కొందరి చేతుల్లో పెట్టింది. నడుం పట్టేసినప్పుడు, మెడ తిరగనప్పుడు, పురిటి నొప్పులొచ్చినప్పుడు పెద్దింటికి కిందికులాల చేయి కావాలి. నొప్పి తగ్గాక ఆ చేయి మళ్లీ గడప అవతలే ఉండాలి. ఈ రాకపోకలకు చరిత్ర ఉంది. దాన్ని మన చరిత్రకారులు పట్టించుకున్నది తక్కువ.

వైద్యానికీ మైలకూ ముడి చాలా పాతది. మనుధర్మశాస్త్రం నాలుగో అధ్యాయంలో ఎవరెవరి అన్నం తినకూడదో చెప్పే జాబితా ఉంది. అందులో వైద్యుడున్నాడు. మూడో అధ్యాయం అతణ్ని శ్రాద్ధభోజనానికి కూడా పిలవొద్దంది. చీము, నెత్తురు, చెమట ముట్టుకునేవాడు శుచిగా ఎట్లా ఉంటాడన్నది వాళ్ల లెక్క. ధర్మశాస్త్రకారులు వైద్యులను ఎందుకు ద్వేషించారో దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ 1977లో వచ్చిన తన ‘సైన్స్ అండ్ సొసైటీ ఇన్ ఏన్షెంట్ ఇండియా’లో వివరంగా చర్చించాడు. మరోవైపు చరక, సుశ్రుత సంహితలు అభ్యంగనాన్ని, అంటే ఒంటికి నూనె పట్టించి మర్దన చేయడాన్ని, ఎంతగానో మెచ్చుకున్నాయి. మర్దన గొప్పది, మర్దన చేసేవాడు తక్కువవాడు. శాస్త్రం గ్రంథంలోకి పోయింది, శ్రమ కులానికి మిగిలింది.

తెలుగునాట ఈ శ్రమలో పెద్దభాగం మంగలి కులం మీద పడింది. ఈ పేరునే తిట్టుగా మార్చిన సమాజం మనది. అందుకే ఆ కులస్తులు నాయీబ్రాహ్మణులమని చెప్పుకుంటున్నారు, ధన్వంతరి వారసులమంటున్నారు. ఆ మాటలో పైకులాల గౌరవాన్ని అరువు తెచ్చుకునే ప్రయత్నం ఉందని విమర్శించొచ్చు. కానీ దాని వెనక ఒక వాస్తవం కూడా ఉంది. క్షౌరం వాళ్ల పనిలో ఒక భాగమే. కురుపు కోయడం, గాయానికి కట్టు కట్టడం, తలంటడం, ఒళ్లు పట్టడం, బెణికిన కాలు సర్దడం కూడా వాళ్ల పనే. తమిళ దేశంలో ఇదే వృత్తివాళ్లకు మరుత్తువర్ అనే పేరుంది, అంటే వైద్యులు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాలు ఈ కులాల ఆడవాళ్లు మంత్రసానులుగా పనిచేయడాన్ని నమోదు చేశాయి. మన కాలంలో కంచ ఐలయ్య 2009లో వచ్చిన ‘పోస్ట్ హిందూ ఇండియా’లో మంగలి కులాన్ని ‘సోషల్ డాక్టర్లు’ అని పిలిచాడు.

ఈ వైద్యానికి కూలి ఏంది? పంట కల్లంలో మేర, కొన్నిచోట్ల కాస్త మాన్యం, పండక్కి పాత బట్ట. చేసిన పనిని బట్టి లెక్కగట్టింది కాదది, ఏడాది పొడుగునా పిలిస్తే పలకాలన్న షరతు మీద ఇచ్చింది. ఇవ్వాళ రెండు ఒళ్లు పట్టాను, నా చేతులు లాగుతున్నాయి, రేపొస్తా అని చెప్పే చోటు ఆ ఒప్పందంలో లేదు.

నిజాం తెలంగాణలో ఇది పూర్తిగా వెట్టి అయింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో కులాల వారీగా వెట్టి వివరాలున్నాయి. దళితులు మూటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి. చాకలి బట్టలుతకాలి, గిన్నెలు తోమాలి. మంగలి రాత్రిపూట దొర కాళ్లు పిసకాలి, ఒళ్లు పట్టాలి. పగలంతా ఊరి పని చేసిన చేతులు అవి. దొరకు నిద్రపట్టేదాకా ఆ చేతులకు నిద్ర లేదు. ఊళ్లో అందరినీ భయపెట్టే మనిషి ఆ రాత్రి తన ఒంటిని వీళ్ల చేతుల కింద పెట్టేవాడు. చేతుల కింద ఒళ్లున్నా అధికారం మాత్రం ఒళ్లుగలవాడిదే. 1946–51 సాయుధ పోరాటంలో భూమి ప్రశ్నతో పాటు వెట్టి ప్రశ్న అంత బలంగా ముందుకొచ్చిందంటే కారణం ఇదే. భూమి లేని కులాలకు వెట్టిపోవడమంటే తమ ఒళ్లు తమకు రావడం.

మంత్రసాని కథ ఇంకా లోతైనది. మంగలి ఆడవాళ్లతో పాటు చాలా ఊళ్లలో మాదిగ, మాల ఆడవాళ్లు కూడా ఈ పని చేశారు. బిడ్డను పట్టుకోవడం, బొడ్డు కోయడం, మాయ పాతిపెట్టడం ఆమె వంతు. ఆ తర్వాత బాలింతకు నడుం పట్టాలి, నలుగు పెట్టాలి. చాచిన తన కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోయాలి. పురుడు వెళ్లేదాకా ఆ ఇంట్లో ఆమె లేకపోతే గడవదు. పురుడు వెళ్లినాక ఆమె ముట్టుకున్న చోటల్లా కడుక్కుంటారు. ఆ పది పదకొండు రోజుల్లో బాలింత ఎవరికీ చెప్పుకోలేని మాటలు ఆమెకే చెప్పుకుంటుంది. పోయిన బిడ్డలు, కొట్టే మొగుడు, మళ్లీ ఆడపిల్ల పుట్టిందన్న సాధింపు, అన్నీ ఆమె చెవిన పడతాయి. ఒంటినొప్పి తీసేవాళ్లు మనసులో నొప్పి కూడా మోయాల్సి వస్తుంది. దీన్ని కూడా శ్రమగానే లెక్కగట్టాలని ఆర్లీ హోష్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల మీద చేసిన అధ్యయనంతో వాదించింది. మన మంత్రసానుల విషయంలో ఆ లెక్క ఇప్పటికీ మొదలు కాలేదు.

వలస ప్రభుత్వం ఆమెను ఎట్లా చూసింది? 1885లో డఫరిన్ ఫండ్ వచ్చింది. దాయీలకు శిక్షణ ఇవ్వడానికి 1903లో విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్స్ ఫండ్ పెట్టారు. 1926లో మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. ఆ కాలపు రాతల్లో దాయీ అంటే మురికి, మూఢత్వం. ఆమె చేతుల మురికిని చూసినవాళ్లు, శుభ్రమైన నీళ్లు తోడుకునే బావి ఆమెకు లేకుండా చేసిందెవరని అడగలేదు. స్వతంత్రం తర్వాత 1970 చట్టం దేశీయ వైద్యాన్ని గుర్తించింది కానీ, ఆ గుర్తింపు గ్రంథానికీ డిగ్రీకీ దక్కింది. 2005లో జననీ సురక్ష యోజన మొదలయ్యాక కాన్పులు దాదాపు పూర్తిగా ఆసుపత్రులకు మారాయి. తల్లుల ప్రాణాలు నిలబడటానికి అది అవసరమే, దాన్ని కాదనేవాళ్లం కాదు. కానీ ఆ మార్పులో మంత్రసాని పని పోయింది, ఆమె నైపుణ్యానికి బదులు పని మాత్రం రాలేదు.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. ఊరందరి నొప్పి తీసిన మంగలి చేయి మాలమాదిగ వాడలకు రాలేదు. దళితులకు క్షవరం చేయకపోవడం అంటరానితనపు మొండి రూపాల్లో ఒకటి. 1955 చట్టం నేరమన్నాక కూడా అది చాలా ఊళ్లలో కొనసాగింది. చేస్తే పైకులాలు తమ ఇళ్ల పని ఆపేస్తాయన్న భయం నిజమే, కానీ ఆ భయం వెనక తాము ఒక మెట్టు పైనున్నామన్న భావన కూడా ఉంది. అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత ఇదే. నాటేసి, కోతకోసి, మూటలు మోసిన దళితుల నడుం నొప్పిని వాడలోని ముసలమ్మలే ఆముదం రాసి, వేడి ఇటుకతో కాపి తీశారు. ఊరి నొప్పికి వైద్యుడున్నాడు. ఊరిని పోషించిన నొప్పికి మాత్రం తనవాళ్లే దిక్కు.

ఇప్పుడు నగరాల్లో మసాజు పెద్ద వ్యాపారమైంది. ఆ పని నేర్పేచోట చేతులు కాపాడుకోవడం కూడా నేర్పుతున్నారు. బొటనవేలు కీళ్లు అరగకుండా ముంజేత్తో, మోచేత్తో ఒత్తమంటారు. వంగి చేయకుండా బల్ల ఎత్తు సరిచేసుకుని ఒంటి బరువు వాడమంటారు. మనిషికీ మనిషికీ మధ్య విరామం తీసుకోమంటారు. వచ్చినవాళ్ల దుఃఖాన్ని వినాలి గానీ ఇంటికి మోసుకుపోవద్దంటారు. మంచి సలహాలే. కానీ వీటన్నిటికీ ముందు ఒక షరతుంది: కాదు, ఇవ్వాళ చాలు అనగలిగే హక్కు. కమీషన్ మీద బతికే పార్లర్ అమ్మాయికి ఆ హక్కెక్కడిది? అసభ్యంగా ప్రవర్తించిన కస్టమర్‌ను బయటికి పొమ్మనగలదా? 2013 లైంగిక వేధింపుల చట్టం అసంఘటిత రంగానికీ వర్తిస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లే లేరు.

ప్రభుత్వాల చూపు కత్తెర దగ్గరే ఆగింది. తెలంగాణలో 2021లో క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించారు. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో మంగలిని చేర్చి పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఇస్తానంది. ఆ 18లో మంత్రసాని లేదు. ఒళ్లు పట్టేవాళ్లకు చేతులే పనిముట్టు. ఆ చేతులు అరిగితే ఏ కిట్టు ఇస్తారు?

కాబట్టి మన పరిశోధన ఇక్కణ్నుంచి మొదలుపెట్టాలి. ముసలి మంత్రసానుల దగ్గర, ఒళ్లు పట్టిన పెద్దల దగ్గర ఏ నరం ఎట్లా పట్టాలో రాసుకోవడంతో ఆగొద్దు. వాళ్ల మోకాళ్లు, వేళ్లు, నడుం ఏ వయసులో ఎట్లా చెడ్డయో కూడా రాసుకోవాలి. పింఛను అడిగినా, వృత్తిరోగాల జాబితాలో చోటడిగినా ఆ రాతలే మనకు సాక్ష్యం. హస్తవాసి మంచిదని డాక్టరును మెచ్చుకునే భాష మనది. ఆ మాట తరతరాలుగా ఎవరి చేతులకు దక్కాల్సి ఉండెనో చరిత్ర చెప్పాల్సిన సమయం ఇది.