అమ్ముగూడ బలరాం

అమెరికా దేశంలో బాబ్ కర్లాండ్ అనే ఏడడుగుల బాస్కెట్‌బాల్ ఆటగాడుండేవాడు. తన కళాశాల జట్టును 1945, 1946 సంవత్సరాలలో జాతీయ విజేతగా నిలిపినాడు. ఆ పిదప ఆటను వృత్తిగా స్వీకరింపక, ఒక చమురు కంపెనీలో ఉద్యోగియై, దాని జట్టులోనే ఆడుతూ 1948, 1952 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకాలు గడించినాడు. జీతం ఉద్యోగానికి, ఆట మాత్రం ఉచితం. దీనినే అమెచ్యూర్ పద్ధతి అన్నారు.

మన ఫుట్‌బాల్ కూడా చాలకాలం ఈ నీడనే పెరిగినది. హైదరాబాదులో పోలీసు జట్టు, కలకత్తాలో రైల్వే జట్టు ఉండేవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి ఊళ్ల బాలుడు వీరి కంట పడుట దుర్లభం. నగరపు అంచున పుట్టినవానికే అది సులభం కాలేదు.

తులసీదాస్ బలరాం 1936లో సికిందరాబాదు చేరువనున్న అమ్ముగూడలో పేద ఇంట జన్మించినాడు. అతనిలోని నేర్పును కనిపెట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాహెబు బడిపంతులుగా పనిచేసి శిక్షకుడైనవాడు కనుక పిల్లవాని ఇబ్బంది అడుగకయే గ్రహించగలడు. అభ్యాసానికి నగరం దాకా వచ్చుటకు అద్దె సైకిలు డబ్బు ఆయనే ఇచ్చెడివాడని బలరాం తరువాత చెప్పుకొన్నాడు.

1956లో బలరాం మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో చేరినాడు. మన జట్టు అక్కడ నాల్గవ స్థానం పొందినది. మరుసటి యేడు కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతనిని పిలుచుకొన్నది. 1960లో రోము నగరంలో హంగరీ మనలను 2-1తో ఓడించినది. ఆ ఒక్క గోలూ బలరాందే. హంగరీ కాంస్యపతకం గెలిచిన జట్టని గుర్తుంచుకొంటే ఆ గోలు విలువ తెలియగలదు. పెరూ పైన మన గోలు కూడ అతడే కొట్టినాడు.

1962 సెప్టెంబరు 4న జకార్తాలో, ప్రేక్షకులు మనకు ప్రతికూలంగా కేకలు వేయుచుండగా, రహీం శిష్యులు దక్షిణ కొరియాను 2-1తో జయించి ఆసియా స్వర్ణం తెచ్చినారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గురూ కలిసి సాగించిన దాడి ఆనాటి జట్టుకు ప్రాణం. ఆ యేడే బలరాంకు అర్జున పురస్కారం లభించినది.

మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం మరణించినాడు. అదే 1963లో ఊపిరితిత్తుల పొర వాపు బలరాంను మైదానం నుండి తప్పించినది. అప్పటికి వయస్సు ఇరువదియేడు దాటలేదు! కర్లాండ్ ఆట మానిన పిదప తన కంపెనీలోనే పెద్ద ఉద్యోగి అయినాడు. బలరాంకు రైల్వే ఉద్యోగం మిగిలినది. తోడివారిద్దరికీ పద్మశ్రీ వచ్చినది, ఇతనికి రాలేదు. ఇందుకు ఆటలో లోపం కారణమని ఎవ్వరూ అనజాలరు.

గోస్వామి, బెనర్జీ 2020లో కొద్ది వారాల తేడాతో కన్నుమూసినారు. బలరాం హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో శేషజీవితం గడిపి, 2023 ఫిబ్రవరి 16న మరణించినాడు.