గింజ తెలిసిన చేతులు

జూన్ నెలాఖరు. తెల్లవారి అయిదున్నర. రాజమహేంద్రవరం దాటాక జాతీయ రహదారి మీద బస్సు దిగుతారు. ముందు తడిమట్టి వాసన తగులుతుంది, ఆ తర్వాతే ఊరు కనిపిస్తుంది. ఇది కడియపులంక. గోదావరి ఒండ్రు మేటవేసిన నేల. రోడ్డుకు రెండువైపులా నర్సరీలే. పూలకుండీలు, పామ్ మొక్కలు దాటుకుని వెనక మడుల్లోకి రండి. దారి అడుగు వెడల్పే, చూసి నడవండి.

"ఆయ్, అటు తొక్కకండి బాబూ! నిన్న పెట్టిన వేపగింజలండి అవి."

తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దావిడ అక్కడ గొంతుక్కూర్చుని ఉంది. పక్కన మరో అయిదుగురు ఆడవాళ్లు. మధ్యలో మట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన కుప్ప. నల్లకవరు నోరు తెరవడం, రెండు దోసిళ్లు పోయడం, నేలకేసి ఒక్క తట్టు తట్టడం, మళ్లీ దోసెడు. మీరూ ఒకటి నింపి చూడండి. మీ కవరు నడుం దగ్గర ఒంగిపోతుంది. పెద్దావిడ దాన్ని అందుకుని మళ్లీ తట్టి నిలబెడుతుంది.

"లోపల గుల్లగా ఉంటే వేరు ఎండిపోద్దండి."

వేపగింజ ఆగదు. పండు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి మట్టిలో పెట్టెయ్యాలి. కొన్ని వారాలు దాటితే మొలిచే సత్తువ పోతుంది. రేల గింజ తీరు వేరు. ఆవిడ గోనెసంచిలోంచి మూరెడు నల్లటి కాయ తీసి మీ చేతిలో పెడుతుంది. విరిచి చూడండి. లోపల బిళ్లబిళ్లగా అరలు, అరల్లో జిగురు గుజ్జు, ఒక్కో అరలో ఒక్కో గింజ, గోధుమరంగులో నిగనిగలాడుతూ. గోరు దిగదు. ఆ పెంకు మెత్తబడకపోతే నీళ్లు లోపలికి వెళ్లవు. అందుకే మరిగిన నీళ్లు దించి, అందులో వేసి, రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నకి ఉబ్బినవి మట్టిలోకి, ఉబ్బనివి మళ్లీ వేడినీళ్లలోకి.

పక్క మడిలో కానుగ, నేరేడు మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. ఒకమ్మాయి కవర్లు ఒక్కొక్కటే ఎత్తి జరుపుతోంది. చెవిపెట్టి వినండి. చిటుక్. కవరు చిల్లుల్లోంచి నేలలోకి దిగిన వేరు తెగిన చప్పుడది. ఇలా అప్పుడప్పుడూ జరపకపోతే తల్లివేరు ఇక్కడే పాతుకుపోతుంది. లారీ ఎక్కించే రోజున తెగితే మొక్క వాడిపోతుంది.

మడి చివర కోనోకార్పస్ అనే పరాయి చెట్టు మొక్కల వరస ఒకటి మిగిలి ఉంది. త్వరగా పెరుగుతుందని నగరాలు దాన్ని రోడ్ల పొడవునా నాటించాయి. 2023లో గుజరాత్ దాన్ని నాటడమే నిషేధించింది. కొమ్మ కత్తిరించి గుచ్చితే పెరిగే మొక్కది. వేపకీ రేలకీ అలా సులువుగా కుదరదు. ఏ చెట్టు కింద ఏ నెలలో ఏరాలో, దేన్ని కడగాలో, దేన్ని నానబెట్టాలో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి ఈ మడిలో గొంతుక్కూర్చుని ఉంది. తోట వేయించే ప్రతి అపార్ట్‌మెంటూ, ప్రతి మునిసిపాలిటీ మన చెట్టునే అడిగితే ఆవిడ తెలివికి ఏడాది పొడవునా కూలి దొరుకుతుంది. అడిగేవాళ్లు లేకపోతే మనవరాలికి ఆ తెలివి నేర్పాల్సిన అవసరమే ఆవిడకి కనిపించదు.

పొద్దు వాలింది. లారీ వెనక్కి వచ్చి ఆగింది. చేతుల మీదుగా మొక్కలు పైకి వెళుతున్నాయి. వేప, కానుగ, నేరేడు, పొగడ. వరస వరసకీ తడి గోనెలు. పైన వల కట్టారు. మీరు నీళ్లబిందె పక్కకి జరిగి చోటిచ్చారు.

లారీ మలుపు తిరిగాక ఆడవాళ్లు కాళ్లు కడుక్కుంటున్నారు. పెద్దావిడ మాత్రం పొయ్యి మీది గిన్నె దించి, కొంగులోంచి గుప్పెడు రేల గింజలు తీసి అందులో వేసి, పైన మూత పెట్టింది.

"పొద్దున్నే రండి బాబూ. ఉబ్బినవి మీచేతే పెట్టిద్దాం."