బోరు మోటారు ఆటో స్టార్టరు: విద్యుత్ లోపాలు, వాటి పరిశీలన

త్రీ ఫేజు కరెంటు రాగానే, మనిషి బటన్ నొక్కకుండానే బోరు మోటారును నడిపించే పరికరం ఆటో స్టార్టరు. పల్నాడు జిల్లా వినుకొండ ప్రాంతంలో, కాలువ నీరు అందని పత్తి, మిరప చేలకు బోరే ఆధారం. తడి అందాల్సిన వేళ మోటారు కాలితే నీళ్లతో పాటు పైరూ పోతుంది.

నిర్మాణం

స్టార్టరు పెట్టెలో మూడు ఫేజులను మోటారుకు కలిపే కాంటాక్టరు, దాన్ని లాగి పట్టుకునే కాయిల్, ఎక్కువ కరెంటు పారితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉంటాయి. ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపేందుకు సింగిల్ ఫేజ్ ప్రివెంటరు అమరుస్తారు.

లోపాలు, కారణాలు

*స్టార్టరు పట్టకపోవడం:* ఫ్యూజు పోవడం, కాయిల్ కాలడం, రిలే ట్రిప్పయి ఉండటం. ముందుగా ఫేజుల మధ్య వోల్టేజీని మీటరుతో కొలవాలి. సుమారు 415 వోల్టులు ఉండాలి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌పై నడిచే ఇతర మోటార్ల గుండా పోయిన ఫేజులోకి కరెంటు వెనక్కి రావచ్చు కనుక, టెస్టరు వెలిగినంత మాత్రాన మూడు ఫేజులూ ఉన్నట్లు కాదు.

*పట్టి వదిలేస్తూ కొట్టుకోవడం:* లో వోల్టేజీ, వదులైన వైర్లు, కాంటాక్టుల మీద పేరుకున్న దుమ్ము.

*మాటిమాటికీ ట్రిప్పవడం:* పంపు ఇసుకతో బిగుసుకోవడం లేదా ఫేజు పోవడం. ఒక ఫేజు పోయాక లోడు తగ్గకపోతే మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లవుతుంది. రిలే సెట్టింగు పెంచి నడిపితే వైండింగే కాలుతుంది.

*మోటారు తిరిగినా నీళ్లు తగ్గడం:* లైను పని తర్వాత ఫేజుల వరస మారితే మోటారు ఎదురు తిరుగుతుంది. మెయిన్ ఆపి రెండు వైర్లు తారుమారు చేస్తే సరిపోతుంది.

*ఫ్యూజులు వెంటనే పోవడం:* కేబులు లేదా వైండింగు ఎర్తవడం. మోటారు వైర్లు విప్పి ఇన్సులేషన్ నిరోధాన్ని మెగ్గరుతో చూడాలి. అది ఒక మెగా ఓమ్ కన్నా తగ్గితే నడపకూడదు.

జాగ్రత్తలు

కరెంటు ఎప్పుడొచ్చినా ఆటో స్టార్టరు తనంతట తానే లేస్తుంది. అందుకే మెయిన్ స్విచ్ ఆపకుండా పెట్టె తెరవకూడదు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం పడుతుంది. 2018 జనవరి 1న సాగుకు 24 గంటల సరఫరా మొదలైన తెలంగాణలో ఆటో స్టార్టర్లను తీసేయమని రైతులను కోరారు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు రైతు ముట్టుకోరాదు. అవి పోతే విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లైన్‌మన్‌ను పిలవాలి. ఎందుకు ట్రిప్పయిందో తెలుసుకున్నాకే రీసెట్ నొక్కడం మోటారుకూ మనిషికీ క్షేమం.