క్లచ్ ప్లేటు అరుగుదల: గుర్తులు, కారణాలు, మార్పిడి

బెంగళూరు–హైదరాబాదు 44వ జాతీయ రహదారిపై, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి పట్టణాల నడుమ ఉన్న ఊరు పేరేసంద్ర. గుడిబండకు వెళ్ళే దారి ఇక్కడే చీలుతుంది. ఈ ప్రాంతపు కారు ఒకే రోజున రహదారిపై అయిదవ గేరులో సాగవచ్చు. సంతవీధిలో అడుగడుగునా ఆగవచ్చు. 1478 మీటర్ల ఎత్తు గల నందికొండ ఘాట్ దారినీ ఎక్కవచ్చు. ఈ మూడు చోట్లా క్లచ్ అరుగుదల ఒకే తీరుగా ఉండదు. తిరిగిన కిలోమీటర్ల కంటే, క్లచ్ ఎంతసేపు జారినదన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది.

పనితీరు: ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీలుకు క్లచ్ ప్లేటును ప్రెషర్ ప్లేటు అదిమి పట్టినప్పుడు ఇంజను శక్తి గేర్‌బాక్సుకు, అక్కడి నుండి చక్రాలకు చేరుతుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ఆ పట్టును విడిపిస్తుంది. పట్టు పూర్తిగా ఉన్నప్పుడు ప్లేటు దాదాపు అరగదు. సగం పట్టి సగం విడిచిన ‘హాఫ్ క్లచ్’ స్థితిలో రాపిడి వలన వేడి పుట్టి, ప్లేటుకు ఇరువైపులా ఉన్న లైనింగు అరిగిపోతుంది.

గుర్తులు: యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను శబ్దం పెరిగినా వేగం పెరగకపోవడం మొదటి గుర్తు. ఇది ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేర్లలో ముందుగా తెలుస్తుంది. మాడిన వాసన రావడం, కారు కదిలేటప్పుడు అదరడం తరువాతివి. కేబుల్ క్లచ్ గల కార్లలో పెడల్ బాగా పైకి వచ్చిన తరువాతనే పట్టు దొరుకుతుంది. ఒక్కొక్కసారి కేబుల్ బిగుసుకుని ఉండడమే జారడానికి కారణం కావచ్చు. కనుక ప్లేటు మార్చే ముందు కేబుల్ సర్దుబాటును చూపించుకోవడం మేలు.

కారణాలు: పెడల్‌పై ఎల్లప్పుడూ కాలు ఆనించి ఉంచడం, ఎత్తుపై ఆగినప్పుడు బ్రేకుకు బదులు హాఫ్ క్లచ్‌తో కారును నిలపడం, రెండవ గేరులో కదిలించడం, మితిమీరిన బరువు ఎక్కించడం ముఖ్యమైనవి. ఇంజను వెనుక సీలు నుండి నూనె కారి లైనింగుకు అంటినా క్లచ్ జారుతుంది. అప్పుడు సీలు మార్చక ప్లేటు మాత్రమే మార్చితే ఖర్చు వృథా.

మార్పిడి: క్లచ్ ప్లేటును చేరుకోవడానికి గేర్‌బాక్సును దింపవలసి ఉంటుంది. కూలిలో అధిక భాగం ఈ పనికే. అందువలన ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడింటినీ ఒక సెట్టుగా మార్చడం ఆనవాయితీ. ఒక్క బేరింగు కోసం మళ్ళీ గేర్‌బాక్సు దింపితే కూలి రెండింతలవుతుంది. ఫ్లైవీలుపై గాట్లు, మాడిన నీలిమచ్చలు ఉన్నవేమో చూడాలి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ ధూళిని ఊదరాదు, గాలి కొట్టరాదు, తడిగుడ్డతో తుడవాలి. కొత్త క్లచ్ కుదురుకునే వరకు కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

జారుతున్న క్లచ్‌ను అలక్ష్యం చేస్తే లైనింగు రివెట్లు ఫ్లైవీలును గీరి ఖర్చును పెంచుతాయి. అంతకన్న ముఖ్యంగా, నిండుగా జనం ఎక్కిన కారు ఘాట్ మలుపులో శక్తి అందక నిలిచిపోవచ్చు. కొండదారి ప్రయాణానికి ముందే పరీక్ష చేయించడం చోదకునికీ, వెంట ఉన్నవారికీ క్షేమం.